ఖాళీ స్లైడు మీద ఎర్ర పుల్ల

ఆ రోజు ఆ ఖాళీ స్లైడు మీద ఆమె నూనె చుక్క ఎందుకు పెట్టింది? కొత్తగా వచ్చిన మిషను తప్పని తేల్చడానికా? లెన్సు మసకబారిందేమో చూసుకోవడానికా? లేక ఇరవై ఆరేళ్ళుగా మనసు అడుగున ఒక అనుమానం నిద్రపోతూ ఉండి ఆ పొద్దున ఒత్తిగిలిందా? అడిగినవాళ్ళకు ఆమె మూడుసార్లు మూడు జవాబులు చెప్పింది. ఒక్కటీ అబద్ధంలా వినిపించలేదు. ఏది నిజమో తేల్చుకోవడం ఇన్నేళ్ళ తర్వాత ఆమెకే చేతకాలేదు.

ఆసుపత్రిలో అందరూ ఆమెను భూతద్దం అనేవాళ్ళు. ఎదురుగా భూతద్దమ్మగారూ అని, వెనక ఉత్త భూతద్దం అని. వెనక వరండా చివర, మందుల గోదాముకీ దుప్పట్లు ఉతికే గదికీ మధ్య నలుగురు నిలబడితే ఐదోవాడికి చోటులేని గది ఆమె ల్యాబు. ఒక సిమెంటు గట్టు, మరకలు పడిన సింకు, కిటికీ కింద మైక్రోస్కోపు, దాని ముందు ఒక కాలికి అట్టముక్క పెట్టిన స్టూలు. వారాల తరబడి దగ్గుతున్నవాళ్ళు పొద్దున్నే మూత డబ్బాల్లో కళ్ళె తెచ్చి కిటికీలోంచి ఇస్తారు. అందులో టీబీ ఉందో లేదో చెప్పడం ఆమె పని.

చెప్పడానికి చిన్న పనే. కళ్ళెను స్లైడు మీద పల్చగా పూసి ఆరబెట్టాలి. ఎర్ర రంగు పోసి కిందినుంచి వేడి చూపించాలి. ఆమ్లంతో కడిగి, పైన నీలం పోయాలి. టీబీ క్రిమి మహా మొండిది. ఒకసారి ఎక్కిన ఎరుపును ఆమ్లానికి కూడా వదలదు. అందుకే లెన్సులోంచి చూస్తే నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తుంది. ల్యాబులో వాటిని పుల్లలనే అనేవాళ్ళు. స్లైడంతా పుల్లలు కుప్పలుగా ఉంటే రిజిస్టరులో మూడు ప్లస్సులు వేస్తారు. వంద చోట్ల గాలించినా పదిలోపే దొరికితే, దొరికినన్ని అంకె వేసి పక్కన 'అరుదు' అని రాస్తారు. అరుదైనా జబ్బు జబ్బే. మందు మొదలవుతుంది.

ఆ అరుదు పుల్లల దగ్గరే ఆమెకు పేరు వచ్చింది. మిగతా ఆసుపత్రుల్లో ఏమీ లేదని పంపేసిన మనిషి ఆమె కిటికీ దగ్గరికి వస్తే, గంటసేపు కళ్ళు చికిలించి, "రెండున్నాయి" అనేది. మందులిచ్చే కాంపౌండరు, "గడ్డివాములో సూదే కాదు, మా భూతద్దానికి ఆ సూది బెజ్జం కూడా కనిపిస్తుంది" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆమెకు పని నేర్పింది అంతకుముందు ఆ స్టూలు మీద కూర్చున్న మాస్టారు. పెద్ద లెన్సు వాడాలంటే స్లైడు మీద ఒక ప్రత్యేకమైన నూనె చుక్క ఉండాలి. లెన్సు ఆ నూనెలో మునిగితే తప్ప పుల్ల తేలదు. ఆ నూనె సీసా ఆరు నెలలకొకటి వచ్చేది. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకని మాస్టారు మొదటి రోజే చెప్పాడు.

"చుక్క పడెయ్యకమ్మా. ముట్టించు. పడేస్తే పొంగి కారిపోతుంది. ముట్టిస్తే ఆవగింజంత చాలు."

సీసాలో ఒక గాజు కడ్డీ ఉండేది. దాని మొన స్లైడుకి తగిలీ తగలనట్టు ముట్టించి, మళ్ళీ సీసాలో పెట్టేయాలి. అది ఆమెకు మూడు నెలలకు గాని పట్టుబడలేదు. పట్టుబడ్డాక ఆ చెయ్యి చూడటానికి ముచ్చటగా ఉండేది, పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినంత సుతారంగా. మాస్టారు ఉద్యోగం విరమించిన రోజు ఆ కడ్డీనే ఆమె చేతికిచ్చి వెళ్ళాడు. తర్వాత చుట్టుపక్కల ఆసుపత్రుల నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన పద్నాలుగు మందికీ ఆమె మొదటి రోజే చెప్పింది. పడెయ్యకండి, ముట్టించండి.

మూడు నెలలకోసారి తనిఖీ ఆయన వచ్చేవాడు. బట్టతల, చంకలో ఫైలు, జేబులో కడుపుమంట మాత్రలు. రిజిస్టరులోంచి చీటీలు తీసినట్టు కొన్ని అంకెలు ఏరి, ఆ స్లైడ్లను పెద్ద ల్యాబుకి పట్టుకెళ్ళేవాడు. అక్కడ మళ్ళీ చూసేవాళ్ళు. ఆమె రెండు పుల్లలన్న చోట వాళ్ళకూ పుల్ల దొరికేది. దొరక్కపోతే తప్పు వాళ్ళదే అనుకునేవాళ్ళు. 'అరుదుగా ఉన్నవి రెండోసారి చిక్కకపోవచ్చు' అని నియమాల్లోనే ఉంది మరి. "మీ కన్నుకి మా కన్ను సాటి రాదండీ" అని ఆయన ఒక ప్రశంసాపత్రం కూడా తెచ్చాడు. అది చట్రంలో కూర్చుని గోడ మీద ఉండేది.

ఇంట్లో ఆమెకు ఒక తోడికోడలు. భర్తలు అన్నదమ్ములు, ఒకే అచ్చుయంత్రం మీద పనివాళ్ళు. ఇద్దరూ కలిసి రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ లోటంతా చిన్న తోడికోడలు ఒక్కతే పూడ్చేది. ముందు గదిలో గుమ్మానికి వీపుపెట్టి, కిటికీ ఎదురుగా కుట్టుమిషను వేసుకుని కూర్చునేది. కాలు మిషను మీద, చెవి వీధి మీద. ఎవరింట్లో గిన్నె కిందపడిందో, ఎవరి బండి ఆలస్యంగా వచ్చిందో, ఎవరి కోడలు ఎవరిని ఏమందో, కుట్టు తప్పకుండా వినగలదు. సాయంత్రం పెద్ద తోడికోడలు గుమ్మంలో కాలు పెట్టగానే వార్తలు మొదలు.

"అక్కా, నీ మైక్రోస్కోపులో నేను కనిపిస్తానా?"

"నువ్వు కనిపించడానికి మైక్రోస్కోపెందుకే? వీధి చివరి నుంచే వినిపిస్తావు."

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. కొత్తగా వచ్చిన ముతక గుడ్డల నూలు దుమ్ము అనుకున్నారు. మూడో వారానికీ తగ్గకపోతే ఆమె ఊరుకోలేదు.

"రేపు పొద్దున లేవగానే డబ్బాలో కళ్ళె ఇయ్యి."

"పొద్దున్నే ఎవరైనా అక్క చేతికి టీ ఇస్తారు. నేను ఉమ్మి ఇవ్వాలా?"

"ఇయ్యవే. టీ నేనే పెట్టుకుంటాలే."

ఆ రోజు ఆ స్లైడు దగ్గర ఆమె గంటన్నర కూర్చుంది. ఎనభై మూడో చోట ఒకటి, తొంభై ఆరో చోట ఒకటి. రెండు. లెన్సు మీది నుంచి తల ఎత్తి రిజిస్టరులో 'అరుదు, రెండు' అని రాసింది. సాయంత్రం ఇంట్లో తోడికోడలు గోడకి ఆనుకుని ఏడుస్తుంటే, "ముందే పట్టుకున్నానే పిచ్చిదానా, ఇంకో రెండు నెలలాగితే ఏమయ్యేదో! నేనున్నాను కదా" అని ధైర్యం చెప్పింది. మందు మొదలైంది. వీధిలోవాళ్ళు గుడ్డలు ఇవ్వడం మానేశారు. తోడికోడలి ఆరేళ్ళ పాప చాప తెచ్చుకుని పెద్దమ్మ పక్కన పడుకోవడం మొదలుపెట్టింది. తోడికోడలు మాత్రం వచ్చినవాళ్ళందరికీ దూరం నుంచే చెప్పేది. "మా అక్క కన్ను లేకపోతే ఈపాటికి నా ఫొటో గోడ మీద ఉండేది."

ఐదో నెలలో మళ్ళీ చూస్తే ఒక పుల్ల కనిపించింది. మందు పని చేయడం లేదన్నమాట. మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఈసారి మాత్రలతో పాటు రెండు నెలలు రోజూ ఇంజెక్షను. పద్దెనిమిదో ఇంజెక్షను తర్వాత తోడికోడలు చెవి రుద్దుకుంటూ వచ్చింది.

"అక్కా, చెవుల్లో ఏదో హోరు. రైలు వచ్చి స్టేషన్లో ఆగినట్టు. కదలదు, పోదు."

"నీరసం."

"నడుస్తుంటే నేల పక్కకి జరుగుతోంది. ఇంజెక్షను ఆపమని డాక్టరమ్మకి చెప్పవా?"

అప్పుడు ఆమె అన్న మాట ఆమెకు చివరిదాకా గుర్తుంది. "చెవి పోతే బతకొచ్చే. ఊపిరితిత్తి పోతే ఎలా బతుకుతావు? నోరు మూసుకుని పొడిపించుకో."

తోడికోడలు అక్క మాట జవదాటలేదు. వారం తిరిగేసరికి వీధిలో ఎవరు పిలిచినా పలకడం మానేసింది. మాట్లాడితే కేక.

"అంతలా అరవకే."

"ఏంటీ?"

"అరవకే అంటున్నా."

"నేనెక్కడ అరుస్తున్నా!" అని ఇల్లు అదిరేలా అరిచింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఇరవై ఎనిమిదో ఇంజెక్షను నాటికి ల్యాబులోకి కొత్త మిషను వచ్చింది. టీ కాచే పొయ్యి అంత ఉంది. తనిఖీ ఆయనే దగ్గరుండి దించాడు. దీనికి రంగులు వద్దు, నూనె వద్దు, కన్ను కూడా వద్దు. కళ్ళెను మందునీళ్ళతో కలిపి ఒక ప్లాస్టిక్ డబ్బీలో పోసి లోపల పెడితే, రెండు గంటల్లో ఉందో లేదో తెర మీద రాస్తుంది. అరుదు పుల్లల్లో పదో వంతును కూడా పట్టేస్తుందట. మొదట మూడు ప్లస్సుల వాళ్ళవి పెట్టారు. ఉంది, ఉంది, ఉంది. తర్వాత ఆ నెలలో ఆమె అరుదు అని రాసిన ముగ్గురివి పెట్టారు. లేదు, లేదు, లేదు.

తనిఖీ ఆయన తెరను వేలితో తట్టాడు. "ఏదో తేడాగా ఉందండీ."

"బాగుంది. నిన్న వచ్చిన కోడలు అత్తకి వంట నేర్పినట్టుంది" అంది ఆమె.

"అబ్బే, మీ కన్నుకి ఇది ఎక్కడ! ప్రయాణంలో కుదుపులకి ఏదో కదిలి ఉంటుంది. కంపెనీకి రాస్తాను." ఆయన నిజంగానే రాశాడు. పదహారేళ్ళుగా పుల్లలు లెక్కపెడుతున్న మనిషి, రెండు గంటలు చూసి ఆ మిషనునే తప్పుపట్టాడు.

మర్నాడు ఆమె తోడికోడలి కళ్ళె తెప్పించి మిషనులో పెట్టింది. రెండు గంటలు తెర ముందే నిలబడింది. లేదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. సొంత తోడికోడలికి జబ్బు లేదని ఆ తెర చెబితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. 'నా రెండు పుల్లల్ని లేవంటుందా ఇది' అనుకుంది. తోడికోడలి ముఖం ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు.

ఆ తర్వాతి పొద్దున తొమ్మిదింటికి ఒక ఇటుకబట్టీ పనివాడి స్లైడు చూసింది. కుప్పలు కుప్పలుగా పుల్లలు. మూడు ప్లస్సులు. ఆ స్లైడు తీసి పక్కన పెట్టింది. తరువాతి స్లైడు తీసుకోవాల్సిన చెయ్యి గట్టు మీద కొత్త స్లైడ్ల పెట్టె వైపు వెళ్ళింది. సీలు విప్పని పెట్టె. సీలు విప్పి ఒకటి తీసింది. మెత్తటి గుడ్డతో తుడిచింది. గాజు కడ్డీ ఎత్తి, పసిపిల్లకి బొట్టు పెట్టినట్టు ముట్టించింది. లెన్సు దించి కన్ను ఆనించింది.

నీలం నేల లేదు. రంగే లేదు. ఉత్త వెలుగు. ఆ వెలుగులో మెల్లగా జరుపుతూ పోయింది. పది చోట్లు, ఇరవై, ముప్పై. ముప్పై ఏడో చోట, నూనెలో తేలుతూ, కాస్త వంగి, ఒక ఎర్ర పుల్ల.

ఎవరూ దగ్గని స్లైడు. ఎవరూ ఉమ్మని స్లైడు. ఈ లోకంలో ఏ మనిషికీ చెందని గాజు.

స్లైడు తయారీలోనే ఏదో అంటిందనుకుంది. ఇంకొకటి తీసి సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ముట్టించింది. ఈసారి రెండు. సీసాను వెలుగుకి ఎత్తి చూసింది. తేరిన నెయ్యిలా నిర్మలంగా ఉంది. కడ్డీని అడుగుదాకా ముంచి, అడుగు నూనె తీసి మూడో స్లైడు మీద పెట్టింది. అక్కడ ఐదున్నాయి. పాతవి, రంగు వెలిసినవి. ఎవరెవరివో. ఏ నెలవో.

ఆమె ఆ స్టూలు మీద ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. కిటికీలోంచి ఒక చెయ్యి డబ్బా పెట్టి వెళ్ళింది. ఇంకో చెయ్యి ఇంకో డబ్బా పెట్టింది. "అమ్మా, చీటీ ఇస్తారా?" అని ఎవరో అడుగుతున్నారు. చెవికి చేరుతోంది గాని లోపలికి దిగడం లేదు. కడ్డీ స్లైడుని ముట్టుకుంటుంది. పుల్లల్ని అంటించుకుంటుంది. సీసాలోకి వెళుతుంది. మళ్ళీ వచ్చి పక్కవాడి స్లైడుని ముట్టుకుంటుంది. ఇందులో పసిపిల్లకు కూడా అర్థం కానిదేముంది? మరి ఇరవై ఆరేళ్ళు?

రిజిస్టరు లాగింది. అరుదు అని రాసిన వరస మీద వేలు పెట్టి, దాని పై వరస చూసింది. మూడు ప్లస్సులు. ఇంకో పేజీ. అరుదు, ఒకటి. పై వరసలో మూడు ప్లస్సులు. ఇంకో పేజీ. ఇంకో పేజీ. కుప్పలున్న స్లైడు వెనకాలే నీడలా అరుదు. వంద చోట్ల గాలించి ఒక్క పుల్లను పట్టిన కన్ను, ఇన్నేళ్ళూ తన చేత్తో రాసిన పేజీలో ఒక వరస పైకి ఎగబాకలేదు.

తోడికోడలి పేరు వెతికింది. అరుదు, రెండు. పై వరసలో ఒక లారీ క్లీనరు, మూడు ప్లస్సులు. ఐదో నెల. అరుదు, ఒకటి. పై వరస చూడటానికి వేలు కదల్లేదు. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు. కదిపింది. మూడు ప్లస్సులు.

గోడ గడియారం పదకొండు కావస్తోంది. పదకొండింటికే ఇంజెక్షన్లు. ముప్పయ్యోది.

ఆమె పరుగెత్తడం ఆ ఆసుపత్రిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. బల్లల మీద దగ్గుతూ కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. ఇంజెక్షను గది తలుపు తీసే ఉంది. తోడికోడలు స్టూలు మీద పక్కకి తిరిగి కూర్చుని ఉంది. నర్సు సిరంజిలో గాలి తీస్తోంది.

"ఆపు" అంది ఆమె.

నర్సు ఆగింది. తోడికోడలు మొహం తిప్పి, అక్కను చూసి నవ్వింది.

"ఏంటక్కా, నీకూ పొడుస్తారా?"

"ఇంజెక్షను వద్దే. లే. నీకు జబ్బు లేదు."

"ఆఁ?"

ఆమె దగ్గరకు వెళ్ళి, వంగి, చెవి దగ్గర చెప్పింది. తోడికోడలు తల అడ్డంగా ఊపింది.

"వినపడట్లేదక్కా. గట్టిగా చెప్పు, సిగ్గెందుకు, అందరూ మనవాళ్ళేగా!"

ఈలోగా గొడవ విని డాక్టరమ్మ వచ్చింది. ఆ ఆసుపత్రికి ఆవిడే పెద్ద. "ఏమైంది? ఇక్కడ కాదు, నా గదిలోకి రండి, అక్కడ మాట్లాడుకుందాం" అంది. ఆవిడ చెప్పింది సబబే. గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, నెమ్మదిగా చెప్పుకోవాల్సిన మాటే అది. కాని తోడికోడలికి నెమ్మదిగా చెప్పే దారి ఇక లేదు. ఆ దారిని మూసింది ఎవరో అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆమె.

గుండెల నిండా గాలి పీల్చి అరిచింది.

"నీకు టీబీ లేదు! ఎప్పుడూ లేదు! ఆ పుల్లలు నీవి కావు! పక్కవాడివి! నా నూనె సీసాలోంచి వచ్చాయి! నా చేత్తో నేనే నీ స్లైడు మీద పెట్టాను!"

ఆ వరండాలో పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా దగ్గు లేని నిమిషం ఉండదు. ఆ నిమిషం ఎవరూ దగ్గలేదు.

తోడికోడలు నర్సు వైపు చూసింది. వేళాకోళమేమో అని ఆ ముఖంలో వెతికింది. నవ్వబోయిన నోరు సగంలో ఆగింది. జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. తర్వాత అరచెయ్యి నెమ్మదిగా చెవికి పోయింది.

"అయితే ఈ హోరు?" అంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అరవకుండా. "ఇది పోతుందా అక్కా?"

ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. డాక్టరమ్మ కిందికి చూసింది. బల్ల మీది ఒక ముసలాయన లేచి, జేబులోంచి మడతలు పడిన చీటీ తీసి ముందుకు చాపాడు.

"అమ్మా, నావి ఎన్ని పుల్లలు?"

ఆయన వెనక ఇంకొకరు లేచారు. తర్వాత బల్లంతా లేచింది.

ఇంజెక్షన్లు ఆ రోజే ఆగాయి. చెవి డాక్టరు పరీక్ష చేసి, పోయింది పోయిందే, ఉన్నది నిలిచింది, హోరు ఉండొచ్చు పోవచ్చు అన్నాడు. దగ్గు మాత్రం మూలన పడి ఉన్న ఆ ముతక గుడ్డల మూట ఇంట్లోంచి తీసేసిన పది రోజులకే తగ్గింది. పాత రిజిస్టర్లు దొరికినంత మటుకు దించి చూస్తే అరుదు అని రాసినవి నూట పన్నెండు. వాటిలో తొంభై ఒకటి మూడు ప్లస్సుల కిందే ఉన్నాయి. అందులో నిజంగా జబ్బున్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఎవరో చెప్పడం ఎవరి తరమూ కాదు. నలుగురి పేర్ల మీద గీత కొట్టి ఉంది. వాళ్ళు దేనివల్ల పోయారో ఇప్పుడు ఏ లెన్సూ చూపించదు.

తనిఖీ ఆయన వచ్చి ఖాళీ స్లైడు తన కంటితో చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక ఓదార్చాలనుకున్నాడు పాపం.

"మీ కన్ను తప్పు కాదండీ. కన్ను సరిగ్గానే చూసింది. పుల్ల అక్కడ ఉంది, మీరు ఉందన్నారు. మేమూ ఉందన్నాం."

ఆ మాట ఆమెకు ఇంకెవరి తిట్టూ తగలనంత లోతుగా తగిలింది. ఆమె లేచి, గోడ మీది ప్రశంసాపత్రం దించి, ఆయన ఫైలు మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకోనూ లేదు, వద్దననూ లేదు.

"మీ దగ్గర నేర్చుకున్న పద్నాలుగు మందికీ ఉత్తరాలు రాస్తాను" అన్నాడు.

"ఉత్తరం చదివి ఫైల్లో పెట్టుకుంటారు. ముట్టించడం నేను వాళ్ళ నోటికి నేర్పలేదు, చేతికి నేర్పాను. చేత్తోనే మాన్పించాలి. నేనే పోతాను."

డాక్టరమ్మ సెలవు మీద సంతకం పెట్టింది.

ఇంట్లో, ఆ వరండా సంగతి జరిగిన సాయంత్రమే పాప చాప చుట్టుకుని వాళ్ళమ్మ దగ్గరకు వెళ్ళిపోయింది. మూడో రోజు ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే తోడికోడలు మాట్లాడింది.

"నువ్వు కావాలని చేయలేదు. అదే అక్కా నా బాధ. కావాలని చేసుంటే నాలుగు తిట్టి, నీ జుట్టు పట్టుకుని, ఆ తర్వాత మామూలైపోయేదాన్ని. ఇప్పుడేం చెయ్యను?"

ఆమె కంచం మీద మూత పెట్టింది.

"చెవి పోతే బతకొచ్చన్నావు. సరే. బతుకుతున్నా."

అంతే. ఆ తర్వాత ఇంట్లో, రోజుకు పది మాటలాడే అన్నదమ్ములే నయమన్నట్టయింది.

బయలుదేరిన పొద్దున ఆమె సంచిలో రెండు చీరలు, సీలు విప్పని స్లైడ్ల పెట్టె, మూతికి ముక్కు ఉండి, కడ్డీ లేకుండానే చుక్క రాలే కొత్త నూనె సీసాలు పద్నాలుగు పెట్టుకుంది. మాస్టారి గాజు కడ్డీ గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది. అది చూపించకపోతే ఎవరూ నమ్మరు. మొదటి ఊరు బస్సులో నాలుగు గంటలు. అక్కడున్న మనిషి ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే చురుకైనవాడు. అరుదు పుల్లలు పట్టడంలో గురువును మించాడని అతనికి పేరు.

ముందు గదిలో తోడికోడలు ఎప్పట్లాగే కిటికీ ఎదురుగా, గుమ్మానికి వీపుపెట్టి కుడుతోంది. వీధిలోవాళ్ళు మళ్ళీ గుడ్డలిస్తున్నారు. ఈసారి ముతకవి కావు. కిటికీ బయట ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఏదో గిన్నె కిందపడింది, రెండిళ్ళ అవతల ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. తోడికోడలి మెడ ఏ వైపూ తిరగలేదు. కాలు మిషను మీద, కళ్ళు కుట్టు మీద.

ఆమె గుమ్మంలో నిలబడింది. "ఏమే" అంది. ఎప్పుడూ పిలిచే గొంతుతోనే. మిషను ఆగలేదు. వినిపించాలంటే అరవాలి. ఆ వరండాలో ఒకసారి అరిచింది. ఆ గొంతు మళ్ళీ ఎత్తడానికి నోరు రాలేదు. దగ్గరికి వెళ్ళి భుజం తట్టొచ్చు. రెండడుగులు వేసి చెయ్యి చాపింది. చాచిన తన వేళ్ళ చివరలు చూసుకుంది. వెనక్కి తీసుకుంది.

సంచి భుజానికెత్తుకుని, నేల చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.